భూటాన్: నేల, జనం, చరిత్ర

తూర్పు హిమాలయాల దక్షిణ వాలుల మీద, ఉత్తరాన చైనా అధీనంలోని టిబెట్‌ను, మిగిలిన మూడు దిక్కులా భారతదేశాన్ని ఆనుకొని ఉన్న చిన్న పర్వత రాజ్యం భూటాన్. దీని విస్తీర్ణం 38,394 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ రాష్ట్రంలో సుమారు మూడో వంతు. 2017 జనగణన ప్రకారం జనాభా సుమారు 7 లక్షల 27 వేలు. పడమట సిక్కిం, నైరుతిన పశ్చిమ బెంగాల్, దక్షిణాన అస్సాం, తూర్పున అరుణాచల్ ప్రదేశ్ దీనికి సరిహద్దు రాష్ట్రాలు. రాజధాని థింఫు. ప్రజలు తమ దేశాన్ని డ్రుక్ యుల్ అని, తమ రాజును డ్రుక్ గ్యాల్పో అని పిలుచుకుంటారు. డ్రుక్ అంటే ఉరుమై గర్జించే డ్రాగన్, ఇక్కడ రాజ్యాన్ని స్థాపించిన డ్రుక్పా బౌద్ధ శాఖకు అదే చిహ్నం.

భూటాన్ అనగానే కొండల చాటున బయటి గాలి సోకకుండా ఉండిపోయిన ప్రశాంత దేశమన్న అభిప్రాయం లోకంలో స్థిరపడింది. చరిత్ర దీన్ని సమర్థించదు. టిబెట్ 1951లోను, సిక్కిం 1975లోను తమ ప్రత్యేక రాజ్యాధికారాన్ని కోల్పోగా, వాటి పక్కనే ఉన్న ఈ రాజ్యం నిలిచిందంటే, అందుకు పర్వతాలు ఎంత కారణమో, ఏ కనుమను ఎవరికి, ఎప్పుడు, ఎంతమేరకు తెరవాలన్న విషయంలో పాలకులు చూపిన ముందుచూపు కూడా అంతే కారణం. ఆ ముందుచూపుకు మూల్యం చెల్లించినవారూ ఉన్నారు. వారి ప్రస్తావన లేని భూటాన్ వర్ణన ఏదైనా అసంపూర్ణమే అవుతుంది.

నైసర్గిక స్వరూపం

దేశం పొడవు తూర్పు పడమరలుగా సుమారు 300 కిలోమీటర్లు, వెడల్పు ఉత్తర దక్షిణాలుగా సుమారు 170 కిలోమీటర్లు మాత్రమే. ఈ కొద్ది దూరంలోనే నేల సముద్రమట్టానికి దాదాపు 100 మీటర్ల ఎత్తు నుండి 7,500 మీటర్లకు పైగా లేస్తుంది. దక్షిణపు అంచున ఏనుగులు తిరిగే సాల వనాలు, వెదురు పొదలు, నారింజ తోటలు ఉంటాయి; మధ్యభాగంలో 1,200 నుండి 3,000 మీటర్ల ఎత్తున పారో, థింఫు, పునాఖా, బుమ్‌తాంగ్ వంటి లోయలు వరి, గోధుమ, బక్‌వీట్ పండిస్తాయి; వాటికి పైన ఫర్ అడవులు, అవీ దాటితే జడల బర్రెలు మేసే గడ్డిభూములు, ఆ పైన శాశ్వత హిమం. నైరుతి ఋతుపవనాలు బంగాళాఖాతం నుండి నేరుగా వచ్చి తగిలే దక్షిణ కొండల్లో ఏటా 3,000 మిల్లీమీటర్లకు మించి వాన కురిసే చోట్లున్నాయి. ఆ కొండలు అడ్డుపడటం వల్ల లోపలి లోయల్లో వర్షపాతం అందులో మూడో వంతుకు తగ్గిపోతుంది.

భూటాన్ చరిత్ర తీరును నిర్ణయించిన భౌగోళిక విషయం ఒకటి పటంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడి ముఖ్య నదులైన అమో ఛు, వాంగ్ ఛు, పునా సాంగ్ ఛు, మానస్ అన్నీ ఉత్తరం నుండి దక్షిణానికి ప్రవహించి, అస్సాం, బెంగాల్ మైదానాలు దాటి బ్రహ్మపుత్రలో కలుస్తాయి. ఛు అంటే నీరు లేదా నది. నదుల మధ్య ఉన్న పర్వత శ్రేణులు కూడా అదే దిశలో సాగడం వల్ల, పడమటి లోయ నుండి తూర్పు లోయకు పోవాలంటే ప్రతిసారీ కొండెక్కి కనుమ దాటి మళ్ళీ కిందికి దిగక తప్పదు. కనుమను ఇక్కడ లా అంటారు: థింఫుకూ పునాఖాకూ మధ్య దోచు లా సుమారు 3,100 మీటర్ల ఎత్తున, దానికి తూర్పున పెలే లా సుమారు 3,400 మీటర్ల ఎత్తున, ఇంకా తూర్పున థ్రుమ్‌షింగ్ లా 3,700 మీటర్లకు పైన ఉన్నాయి. చలికాలంలో మంచు పడితే ఈ దారులు నేటికీ మూసుకుపోతాయి. అందువల్ల ఒక్కొక్క లోయ తన భాష, తన దేవత, తన ప్రభువు కలిగిన చిన్న లోకంగా శతాబ్దాల పాటు మనగలిగింది; ఈ లోయలన్నిటినీ ఒక అధికారం కిందికి తేవడమే ఇక్కడి రాజకీయ చరిత్రలో ప్రధాన కథ.

ఉత్తర సరిహద్దులోని గాంగ్‌ఖర్ పుయెన్‌సుమ్ 7,570 మీటర్ల ఎత్తుతో దేశంలోకెల్లా పెద్ద శిఖరం. మానవుడు ఇంతవరకు ఎక్కని శిఖరాల్లో ప్రపంచంలో ఎత్తయినదిగా దీన్నే చెబుతారు. 1980లలో జరిగిన ప్రయత్నాలు విఫలం కాగా, శిఖరాలు దేవతల నివాసాలన్న స్థానిక విశ్వాసాన్ని మన్నించి ప్రభుత్వం 1994లో 6,000 మీటర్లకు మించిన శిఖరాల ఆరోహణను, 2003లో పర్వతారోహణను పూర్తిగా నిషేధించింది. పొరుగున నేపాల్‌కు శిఖరారోహణ వల్ల వస్తున్న ఆదాయాన్ని చూస్తూ కూడా తీసుకున్న నిర్ణయం కావడం వల్ల దీనికి విలువ ఎక్కువ.

మంచు కరగడం వల్ల పుట్టే ప్రమాదం మాత్రం నిషేధాలతో ఆగేది కాదు. హిమానీనదం, అంటే కొండ వాలున మెల్లగా జారే మంచు ప్రవాహం, కరిగి వెనక్కు తగ్గినప్పుడు అది వదిలిన రాళ్ళు, మట్టి అడ్డుకట్టగా మారి వెనుక సరస్సు ఏర్పడుతుంది. ఆ కట్ట తెగితే నీరంతా ఒక్కసారిగా లోయ మీద పడుతుంది. 1994 అక్టోబరు 7న లునానా ప్రాంతంలోని లుగ్గే సరస్సు ఇలాగే తెగి 20 మందికి పైగా ప్రాణాలు తీసింది, దిగువనున్న పునాఖా కోటకు నష్టం కలిగించింది. దాని పక్కనున్న థోర్‌థోర్మి సరస్సు కూడా తెగవచ్చునన్న భయంతో, యంత్రాలు చేరలేని ఆ ఎత్తుకు వందలమంది కార్మికులు రోజుల తరబడి నడిచివెళ్ళి, మంచునీటిలో నిలబడి గడ్డపారలతో కాలువ తవ్వి, 2008 తరువాతి కొన్ని వేసవుల్లో నీటిమట్టాన్ని సుమారు 5 మీటర్లు తగ్గించారు. పారిశ్రామిక దేశాలు వదిలిన పొగకు ఈ దేశపు రైతులు చేతులతో చేసిన ప్రాయశ్చిత్తం ఇది.

భూభాగంలో 70 శాతం దాకా అడవే. ఎల్లకాలం కనీసం 60 శాతం నేల అడవిగా ఉండి తీరాలని 2008 నాటి రాజ్యాంగమే శాసించింది. దేశం విడుదల చేసే కర్బన వాయువు కంటే అడవులు పీల్చుకునేది ఎక్కువ. 2022–23 లెక్కింపులో 131 పులులున్నట్లు తేలింది. మేక తల, ఎద్దు ఒళ్ళు అతికించినట్లుండే టాకిన్ జాతీయ జంతువు. చలికాలం టిబెట్ నుండి నల్లమెడ కొంగలు ఫోబ్‌జిఖా లోయకు వలస వస్తాయి. ఎగిరేటప్పుడు అవి తీగలకు తగులుకోకుండా ఆ లోయలో విద్యుత్తు తీగలను భూమిలో పాతారు.

జనం, భాషలు

పడమటి లోయల్లోని ఙాలోప్‌లు, తూర్పున ఉండే షార్చోప్‌లు, దక్షిణ కొండల్లో నేపాలీ మాట్లాడే ల్హోత్సంపాలు ప్రధాన జనసముదాయాలు. మధ్యలోని బుమ్‌తాంగ్, ఖెంగ్ ప్రాంతాల వారివి వేరు భాషలు. ఇంత చిన్న దేశంలో 20కి అటు ఇటుగా భాషలుండటానికి పైన చెప్పిన కనుమలే కారణం. పడమటి వారి భాష జోంగ్‌ఖా జాతీయ భాష. లిపి టిబెట్ లిపి. తూర్పు వారి షాంగ్లాకు మాట్లాడేవారు దానికి తీసిపోనంత మంది ఉన్నా అధికార హోదా లేదు. బడుల్లో బోధనా భాష 1960ల నుండి ఇంగ్లీషు కావడం వల్ల, వేర్వేరు లోయల యువకులు కలిసినప్పుడు జోంగ్‌ఖాలో ఇంగ్లీషు కలిపి మాట్లాడుకోవడం పరిపాటి. దూర తూర్పున మెరాక్, సక్తెంగ్ గ్రామాల్లో జడల బర్రెలు కాసే బ్రోక్‌పా తెగవారు, ఆ పశువుల రోమంతోనే అణచి తయారుచేసిన టోపీ పెట్టుకుంటారు. దాని చుట్టూ కిందికి వేలాడే ఐదు తోకల వెంట వాననీరు ముఖం మీద పడకుండా జారిపోతుంది.

దేశంలో మూడు వంతుల మంది వజ్రయాన బౌద్ధులు. వజ్రయానమంటే మంత్రం, మండలం, గురూపదేశం ప్రధానంగా గల తాంత్రిక బౌద్ధ మార్గం. పడమట రాజ్యాదరణ గల డ్రుక్పా కగ్యూ శాఖ, మధ్య, తూర్పు ప్రాంతాల్లో అంతకంటే ప్రాచీనమైన నింగ్మా శాఖ బలంగా ఉన్నాయి. దక్షిణాదివారిలో ఎక్కువమంది హిందువులు. భూమి, గొడ్డు, ఇల్లు పడమటి, మధ్య లోయల్లో తల్లి నుండి కూతురికి సంక్రమించడం, పెళ్ళైన మగవాడు భార్య ఇంటికి చేరడం వాడుకగా వస్తున్న పద్ధతి.

రాజ్య నిర్మాణం

పారోలోని క్యిచు, బుమ్‌తాంగ్‌లోని జంబే ఆలయాలను 7వ శతాబ్దిలో టిబెట్ రాజు స్రోంగ్‌త్సన్ గంపో కట్టించాడని సంప్రదాయం చెబుతుంది. 8వ శతాబ్దిలో గురు పద్మసంభవుడు వచ్చి స్థానిక దేవతలను బౌద్ధ ధర్మ రక్షకులుగా మార్చాడని నమ్మకం. ఆయన ఆడపులి మీద ఎగిరివచ్చి దిగాడనే పారో కొండచరియ మీదనే 1692లో తక్త్‌సాంగ్ విహారం వెలసింది. లోయ అడుగు నుండి సుమారు 900 మీటర్ల ఎత్తున రాతి గోడకు అంటుకున్నట్లుండే ఈ విహారం 1998లో అగ్నికి ఆహుతి కాగా, పాత రూపంలోనే తిరిగి నిర్మించి 2005లో ప్రతిష్ఠ చేశారు. 15వ శతాబ్దిలో థాంగ్‌తోంగ్ గ్యాల్పో అనే సిద్ధుడు ఇక్కడి కమ్మరుల చేత ఇనుప గొలుసులు చేయించి నదుల మీద వంతెనలు వేలాడదీశాడు. కనుమలు విడదీసిన జనాన్ని కలిపిన తొలి మహాకార్యంగా దీన్ని గుర్తించడం న్యాయం.

రాజకీయంగా ఈ లోయలను ఏకం చేసినవాడు షబ్‌డ్రుంగ్ ఙవాంగ్ నమ్‌గ్యెల్. 1594లో టిబెట్‌లో పుట్టి, డ్రుక్పా శాఖ పీఠాధిపత్యం విషయంలో వచ్చిన తగాదా వల్ల 1616లో దక్షిణానికి తరలివచ్చిన ఈ లామా, టిబెట్ సైన్యాల దాడులను పలుమార్లు తిప్పికొడుతూ, స్థానిక ప్రభువులను లోబరుచుకుంటూ, లోయ వెంబడి లోయలో జోంగ్‌లు కట్టాడు. 1629లో సిమ్‌తోఖా, 1637–38లో పునాఖా జోంగ్‌ల నిర్మాణం జరిగింది. జోంగ్ అంటే కోట, మఠం, కచేరీ ఒకే ప్రాకారంలో ఇమిడిన కట్టడం. పైకి పోయిన కొద్దీ లోపలికి వాలే సున్నం పూసిన మందపాటి గోడలు, పై భాగంలో పవిత్రతను సూచించే ఎర్రని పట్టీ, నడుమ ఉత్సే అనే ఎత్తయిన ఆలయ గోపురం, దానికి ఒకవైపు భిక్షువుల ఆవరణ, మరొకవైపు అధికారుల ఆవరణ ఉంటాయి. నక్షా కాగితం మీద గీయకుండా, దూలాలను మేకులు లేకుండా ఒకదానిలో ఒకటి దిగేసి నిలబెట్టడం ఇక్కడి వడ్రంగుల విద్య. ఈ కట్టడాలకు వెట్టి చేసిన రైతుల శ్రమను కూడా తలచుకోవాలి. ఇంటికింత పని అన్న ఆ కట్టుబాటు 20వ శతాబ్ది దాకా సాగింది. వెన్నదీపాల వల్ల జోంగ్‌లు తరచు కాలిపోయేవి, మళ్ళీ లేచేవి. 2012లో దగ్ధమైన వాంగ్‌ద్యూ ఫోడ్రాంగ్ జోంగ్ పదేళ్ళకు, 2022లో, పునఃప్రతిష్ఠ పొందింది.

షబ్‌డ్రుంగ్ ఏర్పరచిన పాలనలో ధర్మ వ్యవహారాలకు జే ఖెన్‌పో అనే పీఠాధిపతి, లౌకిక వ్యవహారాలకు దేశీ అనే పాలకుడు, ప్రాంతాలకు పెన్లోప్‌లనే అధిపతులు ఉండేవారు. 1651లో ఆయన పునాఖాలో మరణించగా, ఆ వార్త బయటపడితే రాజ్యం చీలిపోతుందని అనుచరులు, ఆయన ఏకాంత ధ్యానంలో ఉన్నారని చెప్పి సుమారు అర్ధ శతాబ్దం పాటు దాచారు. ఆజ్ఞలు ఆయన పేరనే వెలువడుతూ వచ్చాయి. ఒక మనిషి మీద నిలిచిన రాజ్యాన్ని వ్యవస్థగా మార్చడానికి కావలసిన వ్యవధిని ఈ గోప్యత సంపాదించిపెట్టిందని చెప్పవచ్చు. ఆ తరువాతి రెండు శతాబ్దాల్లో దేశీల పదవి కోసం పెన్లోప్‌ల మధ్య అంతర్యుద్ధాలు మాటిమాటికీ చెలరేగినా, రాజ్యం ముక్కలు కాలేదు.

ద్వారాల యుద్ధం, రాచరికం

పర్వతాలు మైదానంలోకి దిగే చోట ఉన్న 18 మార్గాలను, వాటి ముందున్న సారవంతమైన నేలను ద్వారాలు లేదా దువార్లు అంటారు. పత్తి, వరి, ఏనుగులు ఇచ్చే ఈ నేల మీది పన్నులే కొండల్లోని జోంగ్‌లను పోషించేవి. 1772లో భూటాన్ కూచ్ బిహార్ మీద పట్టు బిగించగా ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని పంపింది. 1774లో సంధి కుదిరింది, అదే ఏట జార్జ్ బోగ్లే కంపెనీ దూతగా ఈ దారినే టిబెట్ వెళ్ళాడు. అస్సాం కంపెనీ వశమయ్యాక దాని సరిహద్దులోని 7 ద్వారాలను 1841లో బ్రిటిష్ వారు కలుపుకొన్నారు. 1864లో వచ్చిన ఆష్లీ ఈడెన్ బ్రిటిష్ దౌత్య బృందాన్ని పునాఖాలో అవమానించి, బలవంతంగా ఒప్పందం మీద సంతకం చేయించడంతో యుద్ధం వచ్చింది. 1865 ఆరంభంలో ట్రోంగ్సా పెన్లోప్ జిగ్మే నమ్‌గ్యెల్ దేవాన్‌గిరి వద్ద బ్రిటిష్ దళాన్ని తరిమి రెండు ఫిరంగులు పట్టుకున్నా, చివరికి 1865 నవంబరులో సించులా సంధితో మిగిలిన 11 ద్వారాలు కూడా చేజారాయి. బదులుగా ఏటా 50 వేల రూపాయల వరకు చెల్లించడానికి బ్రిటిష్ వారు ఒప్పుకున్నారు. నేడు ఉత్తర బెంగాల్‌లో తేయాకు తోటలుగా కనిపించే ఆ నేలను పోగొట్టుకున్న తరువాత భూటాన్ పూర్తిగా కొండల దేశమైంది.

ఈ ఓటమి నుండి జిగ్మే నమ్‌గ్యెల్ కుమారుడు ఉగ్యెన్ వాంగ్‌చుక్ నేర్చిన పాఠమే తరువాతి విదేశాంగ విధానానికి పునాది. దక్షిణాన ఉన్న పెద్ద శక్తితో తగవు పెట్టుకోకూడదు, అలాగని దాన్ని ఇంట్లోకి రానివ్వనూ కూడదు. 1904లో యంగ్‌హస్బెండ్ నడిపిన బ్రిటిష్ సేన టిబెట్ రాజధాని లాసా మీదికి వెళ్ళినప్పుడు ఆయన మధ్యవర్తిగా వెంట నడిచి బ్రిటిష్ వారి మన్నన పొందాడు. 1907 డిసెంబరు 17న పునాఖాలో మఠాధిపతులు, ప్రాంతాధికారులు, ప్రజాప్రతినిధులు ఆయన్ను వంశపారంపర్య రాజుగా ఎన్నుకున్నారు. 1910 పునాఖా సంధి వార్షిక చెల్లింపును లక్ష రూపాయలకు పెంచి, విదేశీ వ్యవహారాల్లో బ్రిటిష్ సలహాను పాటించాలని, ఆంతరంగిక వ్యవహారాల్లో వారు జోక్యం చేసుకోరాదని నిర్ణయించింది. దీని నమూనాలోనే స్వతంత్ర భారతదేశంతో 1949 సంధి జరిగి, దేవాన్‌గిరి ప్రాంతం తిరిగి భూటాన్‌కు దక్కింది. విదేశాంగ సలహా నిబంధన 2007లో కుదిరిన కొత్త సంధితో తొలగిపోయింది.

సంస్కృతి, నిత్యజీవితం

భూటానీయుల పంచాంగం కాలచక్ర తంత్రంలోని గణితం మీద ఆధారపడింది. ఆ తంత్రాన్ని బుద్ధుడు ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతిలో, బోధించాడని టిబెట్ బౌద్ధ సంప్రదాయమంతటా నమ్మకం. తెలుగువారి లాగే వారికీ 60 ఏళ్ళ సంవత్సర చక్రముంది. తెలుగు పంచాంగంలో ప్రభవ వచ్చిన 1987లోనే అక్కడి చక్రం కూడా కొత్తగా మొదలైంది. హిమాలయాల్లో ఉన్న ఈ లెక్క కృష్ణా తీరంతో ఇంత దగ్గరగా ముడిపడి ఉన్న సంగతి తెలుగు పాఠకులకు తెలియవలసినంతగా తెలియదు.

ఏటా ప్రతి జోంగ్‌లో జరిగే త్సేచు పద్మసంభవుని పేరిట చేసే ఉత్సవం. భిక్షువులు, గృహస్థులు కొయ్య ముసుగులు, పట్టు అంగీలు ధరించి ఛామ్ అనే నృత్యాలు చేస్తారు; మరణానంతరం పాపపుణ్యాల తీర్పు వంటి ఘట్టాలు ఇందులో ముందుగా చూసి తెలుసుకుంటే రేపటి భయం పోతుందని విశ్వాసం. పారోలో చివరి రోజు తెల్లవారక ముందే, గోడంత పెద్ద వస్త్రచిత్రాన్ని విప్పి, ఎండ తగలక మునుపే చుట్టేస్తారు.

వంటలో భూటాన్‌ది ఒక విలక్షణ స్థానం. తెలుగువారికి మిరప కారం, తాళింపు. భూటానీయులకు అదే కూర. ఎమా దత్షి అనే జాతీయ వంటకంలో పచ్చిమిరపకాయలను నిలువుగా చీల్చి, వెన్న, ఉల్లి, టమాటాలతో కాసిన్ని నీళ్ళలో ఉడికించి, ఆవు లేదా జడల బర్రె పాల చీజ్‌ను అందులో కరిగిస్తారు. పారో లోయలో పండే ఎర్రబియ్యపు అన్నంతో దీన్ని పూటపూటకూ తింటారు. ఆశ్వయుజ, కార్తికాల్లో ఇళ్ళ కప్పుల మీద ఎండబోసిన మిరపకాయలు ఊళ్ళకు ఊళ్ళనే ఎర్రగా మారుస్తాయి. మిరప అమెరికా ఖండాల పంట కనుక ఈ వంటకం వయసు నాలుగైదు శతాబ్దాలకు మించదు. అయినా దీన్ని విడిచి ఆ దేశపు భోజనాన్ని ఊహించలేము. ఉప్పు, వెన్న వేసి చిలికిన సుజా అనే తేనీరు, ధాన్యంతో కాచిన ఆరా అనే సారా అతిథి మర్యాదలు. దోమా అనే తాంబూలం, పచ్చి వక్క, తమలపాకు, సున్నంతో, పెద్దాచిన్నా అందరి నోటా ఉంటుంది.

పురుషులు మోకాళ్ళ దాకా ఎత్తి నడుముకు బిగించే ఘో, స్త్రీలు చీలమండల దాకా చుట్టుకునే కీరా ధరిస్తారు. కార్యాలయాల్లో, జోంగ్‌లలో ఇవి తప్పనిసరి. జోంగ్‌లోకి వెళ్ళేటప్పుడు పురుషుడు వేసుకునే కబ్నే అనే ఉత్తరీయపు రంగు అతని హోదాను తెలుపుతుంది: రాజుకు, జే ఖెన్‌పోకు పసుపు, మంత్రులకు నారింజ, పార్లమెంటు సభ్యులకు నీలం, సామాన్యులకు తెలుపు. తూర్పున ల్హుంత్సే జిల్లాలోని ఖోమా గ్రామం కుషుథారా అనే పట్టు కీరాలకు పేరు పొందింది. మగ్గాన్ని ఒక చివర గోడకు, మరొక చివర తన నడుముకు కట్టుకొని కూర్చున్న స్త్రీ, వీపు వెనక్కు వాల్చి పడుగును బిగిస్తూ, అదనపు పేక పోగులను వేలితో ఎత్తి పడుగు చుట్టూ తిప్పుతూ బొమ్మ తేలుస్తుంది. చూసేవారికి అది కుట్టుపనిలా కనిపిస్తుంది గాని సూది ముట్టనిది. ఒక్క చీరెడు గుడ్డకు నెలలు పడుతుంది.

విలువిద్య జాతీయ క్రీడ. సుమారు 140 మీటర్ల దూరంలో, అంటే ఒలింపిక్ పోటీల దూరానికి రెట్టింపు దూరంలో, రంగులు వేసిన చిన్న కొయ్య పలకను కొట్టాలి. ఎదుటి జట్టువారు ఆ పలక దగ్గరనే నిలబడి పాటలతో, ఎకసెక్కాలతో గురి చెడగొట్టజూస్తారు. బాణం తగిలితే విలుకాని జట్టంతా నెమ్మదిగా అడుగులు వేస్తూ నాట్యమాడుతుంది, విలుకాడు రంగు రుమాలొకటి నడుముకు చెక్కుకుంటాడు.

ఆధునిక యుగం

1952 నుండి 1972 దాకా పాలించిన మూడో రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్‌ను ఆధునిక భూటాన్ నిర్మాత అనడం సబబు. 1953లో జాతీయ సభ ఏర్పాటు, బానిసత్వం, వెట్టి బతుకుల రద్దు, భూసంస్కరణలు ఆయన చేపట్టినవే. 1958లో భారత ప్రధాని నెహ్రూ ఈ దేశానికి రావడానికి మోటారు దారి లేక, టిబెట్‌లోని చుంబీ లోయ మీదుగా గుర్రం మీద పారో చేరవలసి వచ్చింది. మరుసటి ఏడు టిబెట్ తిరుగుబాటు అణచివేతతో ఉత్తరపు వ్యాపార మార్గాలు మూతపడ్డాయి. వేయేళ్ళుగా లాసా వైపు తిరిగి ఉన్న దేశం ఒక దశాబ్దిలో దక్షిణాభిముఖమైంది. 1961లో భారత సహాయంతో మొదటి పంచవర్ష ప్రణాళిక, మరుసటి ఏడు సరిహద్దు పట్టణం ఫుంత్‌షోలింగ్ నుండి థింఫుకు రోడ్డు వచ్చాయి. దినాల తరబడి సాగే నడక ప్రయాణం గంటలకు తగ్గింది. 1971లో భూటాన్ ఐక్యరాజ్యసమితిలో చేరింది. విదేశీ మారకం కోసం 1970ల ఆరంభంలో గ్రామఫోను మీద పెడితే పాడే తపాలా బిళ్ళలు కూడా అచ్చువేసింది.

నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ 1972లో యుక్తవయసులో గద్దెనెక్కి, స్థూల జాతీయోత్పత్తి కంటే స్థూల జాతీయ సంతోషం ముఖ్యమన్న భావనను ముందుకు తెచ్చాడు. సుపరిపాలన, సమన్యాయంతో కూడిన అభివృద్ధి, సంస్కృతి రక్షణ, పర్యావరణ రక్షణ దీనికి నాలుగు మూలస్తంభాలు; తరువాత దీన్ని 9 రంగాలుగా, 33 సూచికలుగా విడగొట్టి సర్వేలతో కొలుస్తూ వచ్చారు. ఆ కొలతల కంటే, అడవి నరికే ప్రాజెక్టు ఏదైనా తనను తాను సమర్థించుకోవలసిన పరిస్థితి కల్పించడమే ఈ భావన సాధించిన గట్టి ఫలితం. టెలివిజన్, ఇంటర్నెట్ 1999లో గాని దేశంలోకి రాలేదు. 2003 డిసెంబరులో, దక్షిణ అడవుల్లో శిబిరాలు వేసిన అస్సాం సాయుధ సంస్థలను తరిమే సైనిక చర్యకు రాజు స్వయంగా నాయకత్వం వహించాడు; దాని స్మారకంగా దోచు లా కనుమ మీద 108 స్తూపాలు నిలిచాయి. 2006లో ఆయన సింహాసనాన్ని కుమారుడు జిగ్మే ఖేసర్ నమ్‌గ్యెల్ వాంగ్‌చుక్‌కు అప్పగించాడు. 2008 మార్చిలో తొలి సార్వత్రిక ఎన్నికలు, జులైలో రాజ్యాంగం వచ్చాయి. రాజు 65 ఏళ్ళకు పదవి వదలాలని, పార్లమెంటు, ప్రజాభిప్రాయ సేకరణ కలిసి ఆయన్ను తొలగించవచ్చునని ఈ రాజ్యాంగం నిర్దేశిస్తుంది. ప్రజలు అడగక ముందే, చాలామంది వద్దంటున్నా, రాజే తన అధికారాన్ని కత్తిరించుకున్న సందర్భాలు ప్రపంచ చరిత్రలో అరుదు.

దక్షిణ ప్రాంతపు ల్హోత్సంపాలు

ఇదే నాలుగో రాజు కాలంలో ఇదే రాజ్యం తన ప్రజల్లో ఒక పెద్ద భాగాన్ని వెలివేసింది. 19వ శతాబ్ది చివరి నుండి దక్షిణ కొండల అడవులు కొట్టి వ్యవసాయం చేసిన నేపాలీ భాషీయులకు 1958 చట్టం పౌరసత్వమిచ్చింది. సిక్కింలో వలస వచ్చినవారు అధిక సంఖ్యాకులు కావడం, 1975లో అక్కడి రాచరికం అంతం కావడం థింఫు పాలకులను భయపెట్టాయి. 1985 పౌరసత్వ చట్టం 1958 నాటికే దేశంలో నివసించినట్లు రుజువు కోరింది. 1988లో దక్షిణ జిల్లాల్లో జరిగిన జనగణనలో పాత పన్ను రసీదు చూపలేని వారిని విదేశీయులుగా నమోదు చేశారు. ద్రిగ్లామ్ నమ్‌జా అనే ఉత్తరాది వేషభాషల మర్యాద అందరికీ తప్పనిసరైంది, బడుల్లో నేపాలీ బోధన ఆగిపోయింది. 1990లో నిరసనలు, వాటి అణచివేత, అరెస్టులు జరిగాక లక్షమందికి పైగా దేశం విడిచి తూర్పు నేపాల్‌లోని ఝాపా, మోరంగ్ జిల్లాల శిబిరాల్లో తలదాచుకున్నారు. భూటాన్, నేపాల్ ప్రభుత్వాల మధ్య ఏళ్ళకేళ్ళు సాగిన చర్చలు వారిలో ఎవరినీ ఇంటికి చేర్చలేకపోయాయి. 2007 చివరి నుండి లక్షా పదివేల మందికి పైగా ఇతర దేశాలకు, అత్యధికులు అమెరికాకు, తరలిపోయారు. కొన్ని వేలమంది శిబిరాల్లోనే మిగిలారు. చిన్న జాతికి ఉనికి భయం నిజమైనదే కావచ్చు. కానీ రెండు మూడు తరాలుగా నేల దున్నిన కుటుంబాలను రసీదు లేదన్న కారణంతో పంపివేయడాన్ని ఆ భయం సమర్థించలేదు.

ఆర్థిక వ్యవస్థ, వర్తమానం

ఏటవాలు నదులే నేడు దేశానికి ప్రధాన సంపద. భారత సహాయంతో కట్టిన చుఖా (336 మెగావాట్లు), తాలా (1,020 మెగావాట్లు), మాంగ్‌దేఛు (720 మెగావాట్లు) కేంద్రాల విద్యుత్తులో అధిక భాగం భారతదేశానికి అమ్ముడవుతుంది. ఇవి పెద్ద జలాశయాలు లేకుండా పారే నీటితో నడిచేవి కనుక, చలికాలం నదులు సన్నబడినప్పుడు అదే భారతదేశం నుండి భూటాన్ విద్యుత్తు కొనుక్కుంటుంది. పునా సాంగ్ ఛు మీది మొదటి ప్రాజెక్టు, కొండ జారడం వల్ల ఏళ్ళ తరబడి ఆలస్యమైంది. కరెన్సీ ఙుల్త్రమ్ భారత రూపాయితో సమాన విలువ కలది. విదేశీ పర్యాటకుల నుండి రాత్రికి ఇంతని రుసుము వసూలు చేసి సంఖ్యను అదుపులో ఉంచడం చిరకాల విధానం. 2023 నుండి అది 100 డాలర్లు, భారతీయులకు 1,200 రూపాయలు. చైనాతో సరిహద్దు చర్చలు 1984 నుండి సాగుతున్నాయి. 2017లో డోక్లాం పీఠభూమి మీద భారత, చైనా సైన్యాలు 73 రోజులు ఎదురెదురుగా నిలిచిన తగాదా ఈ సరిహద్దుకు సంబంధించినదే.

2023 డిసెంబరులో భూటాన్ అత్యల్పాభివృద్ధి దేశాల జాబితా నుండి బయటపడింది. అయితే అదే కాలంలో చదువుకున్న యువతీయువకులు, ఉపాధ్యాయులు, నర్సులు, ఉద్యోగులు వేల సంఖ్యలో ఆస్ట్రేలియాకు వెళ్ళిపోతున్నారు. బయటివారి రాకను ఇంత నేర్పుగా నియంత్రించిన రాజ్యానికి సొంత పిల్లల పోకను ఆపే ఉపాయం ఇంకా దొరకలేదు. వారికి ఉపాధి చూపాలని ఐదో రాజు 2023 డిసెంబరులో అస్సాం సరిహద్దున గెలెఫు వద్ద ప్రత్యేక పాలన గల కొత్త నగరాన్ని ప్రకటించాడు. 1990 తరువాత వేలాది ల్హోత్సంపా కుటుంబాలు విడిచిపోయిన సర్పాంగ్ జిల్లాలోనిదే ఆ స్థలం. భూటాన్‌లో ఇంతవరకు రైలు లేదు. అస్సాంలోని కోక్రాఝార్ నుండి గెలెఫుకు సుమారు 70 కిలోమీటర్ల మార్గం వేయడానికి రెండు దేశాలు 2025లో ఒప్పుకున్నాయి.